కుండలో పదకొండుమంది

కూర్గుకు జనం కాఫీ కోసమో, మంచు కోసమో, కొత్తగా పెళ్లయినందుకో వెళతారు. పోయిన ఆషాఢంలో మేమిద్దరం ఆడవాళ్లం మాత్రం పురుగుల్ని దిగబెట్టి రావడానికి వెళ్లాం. ఈ మాట విని మా కాలేజీ స్టాఫ్ రూములో నవ్వనివాళ్లు లేరు. నవ్వితే నవ్వారు. వెళ్లొచ్చిన దగ్గర్నుంచి నాకు హాయిగా నిద్ర పడుతోంది, ఆ నిద్ర ఎలా పోయిందో, ఎలా తిరిగొచ్చిందో చెబుతాను.

ఇబ్రహీంపట్నం

నేను తెనాలిదాన్ని. ఉద్యోగం వల్ల ఇబ్రహీంపట్నం చేరి ఇరవై రెండేళ్లయింది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. సాగర్ రోడ్డు మీద మా కాలనీ మలుపులో బాలమణి నర్సరీ ఉంది. బాలమణి పుట్టిల్లు మంచాల. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. మేడల మీద తోటలు పెంచేవాళ్లు పెద్ద అంబర్‌పేట్ నుంచీ, నాదర్‌గుల్ నుంచీ ఆమె దగ్గరికి వచ్చేది 'కూర్గు మన్ను' కోసం. అంటే కాఫీ తోటల్లో చెట్ల కింద రాలి కుళ్లిన ఆకు. లారీలో బస్తాల్లో వస్తుంది.

జూన్ మొదట్లో దిగిన బస్తాల్లో ఒకటి చిరిగి ఉంది. దాని పక్కనే బాలమణి అత్త నర్సమ్మ చాటలో కుంకుడుకాయలు ఆరబోసింది. ఆదివారం పొద్దున తలంటుకు కాయలు కొడదామని రాయి ఎత్తింది. ఎత్తిన రాయి ఎత్తినట్టే ఉంచి ఆమె పెట్టిన కేక మా వంటింట్లోకి వినపడింది.

"ఓ బాలమణీ! కుంకుడుకాయకు కాళ్లొచ్చినయే!"

పరుగెత్తి వెళ్లాను. చాటలో సగం కాయలు, సగం కాయలు కానివి. గోధుమరంగులో నిగనిగలాడే ఉండలు, అచ్చం కుంకుడుకాయంతే. ఒకటి మెల్లగా విచ్చుకుని, పొట్ట కింద వరసగా ఉన్న కాళ్లు బయటపెట్టి చాట అంచు దాకా నడిచింది. వేలితో తాకగానే మళ్లీ ఉండ అయిపోయింది. తలను తోక కింద దాచుకుని ఎంత బిగువుగా చుట్టుకుంటుందంటే అతుకు ఎక్కడుందో కంటికి దొరకదు.

"ఇవి రోకలిబండలే బాలమణీ. మన దగ్గరవి చక్రంలా చుట్టుకుంటాయి, ఇవి బంతిలా చుట్టుకుంటాయి, అంతే తేడా. కుట్టవు, కరవవు, మామూలు రోకలిబండలా కంపు కూడా కొట్టవు," అన్నాను టీచరు గొంతుతో.

"ఏం జెయ్యాల్నక్కా వీటిని?"

"నీ చెట్ల కింద వదిలెయ్. రాలిన ఆకు తిని ఎరువు చేస్తాయి. నీకే లాభం."

అదీ నేను చేసిన తప్పు. నర్సమ్మ లెక్క ప్రకారం మొత్తం ఇరవై. ఇరవైనీ గ్రీన్ నెట్ కింద వదిలించాను. ఆ వారం వాన మొహం చాటేసింది, ఎండ రోహిణికార్తెను మించిపోయింది. నాలుగు రోజుల్లో తొమ్మిది చచ్చిపోయాయి. చుట్టుకున్నవి చుట్టుకున్నట్టే ఎండిపోయి, ఎత్తితే గుల్లల్లా తేలిగ్గా వచ్చాయి.

అప్పుడు పుస్తకాలు తెరిచాను. తడి నేల, నీడ, అలవాటైన ఆకు లేకపోతే ఇవి బతకవని, ముచ్చటపడి పెంచినవాళ్ల చేతుల్లోనూ చాలామటుకు చచ్చిపోతాయని అందులో ఉంది. వీటికి దూరాలు నడిచే శక్తి లేదట. అందుకే ఒక కొండ మీద ఉండే జాతి మరో కొండ మీద కనపడకపోవచ్చు, ఆ ఒక్క కొండ మీద అడవి పోతే ఇంకెక్కడా మిగలకపోవచ్చు. ముందు చదివి తర్వాత చెప్పాల్సినదాన్ని, ముందు చెప్పేసి తర్వాత చదివాను. పిల్లల ముందు సుద్దముక్క పట్టుకోవడానికి కూడా సిగ్గేసింది. నిద్ర పోయింది అప్పుడే.

బాలమణి చచ్చినవాటిని మందారచెట్టు మొదట్లో పాతిపెట్టింది. "అవి అడిగి రాలేదక్కా. మనమే మోసుకొస్తిమి," అంది. "ఉన్నయన్న వాటింటికి పంపాలె. నువ్వు రాకుంటె నేనొక్కదాన్నే పోత."

రాకుండా ఎలా ఉంటాను? తొమ్మిదీ నా నోటి మాటకు పోయినవే.

నర్సమ్మ కొత్త మట్టికుండ తెచ్చి, అడుగున ఆ బస్తాలోని మట్టే పోసి, పైన తడి ఆకు పరిచింది. నెట్ కింద వెతికి, తేలిగ్గా ఉన్నవి చచ్చినవని, బరువుగా ఉన్నవి బతికినవని తేల్చి, పదకొండింటిని కుండలో పెట్టింది. రిజర్వేషన్ దొరకడానికి పన్నెండు రోజులు పట్టింది. అన్నాళ్లూ కుండ మా నీళ్లగదిలో ఉంది. చూద్దామని మూత తీసినప్పుడల్లా పదకొండూ ఉండలే. బతికున్నాయో, పోయాయో తెలిసే దారి లేదు.

రైల్లో

కాచిగూడలో మైసూరు రైలెక్కాం. కుండలోకి గాలి ఆడాలని మూతికి పల్చటి తెల్లగుడ్డ చుట్టి దారంతో కట్టాను. బాలమణి దాన్ని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చుంది. మా ఎదురుగా గుత్తి వైపు పెద్దాయన, మైసూరులో కూతురింటికి వెళుతున్నాడు. కుండను చూడగానే చెప్పులు వదిలేసి లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"ఎవురమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

బాలమణి మనసంతా కుండలోనే ఉంది. "పదకొండుమంది ఉన్నరు బాపూ," అంది. "తొమ్మిదిమంది ఇంటికాడనే సచ్చిండ్రు."

ఆయన ముఖం పాలిపోయింది. "ఒకే ఇంట్లోనా తల్లీ?"

"అవ్. ఒక్క ఇంట్లనే. ఎండకు."

నాకు అప్పుడు వెలిగింది. కొత్త కుండ, తెల్లగుడ్డ, కావేరి మీదుగా పోయే రైలు. శ్రీరంగపట్నంలో కలపడానికి అస్థికలు తీసుకెళుతున్నాం అనుకున్నాడాయన. నేను నోరు తెరిచేలోపే ఆయన తన కింది బెర్తు మీద దుప్పటి పరిచి, "ఆ కుండని నేల మీద పెట్టాకండి, ఇక్కడ పెట్టండి" అని తన సామాను పై బెర్తుకు ఎక్కించేశాడు. పక్క వరసలో కర్నూలు ఆవిడ పులిహోర పొట్లం పంపింది. ఎవరో పిల్లల సెల్‌ఫోను పాట ఆపించారు. పెట్టె మొత్తం మా కోసం గొంతు తగ్గించుకుంది.

"చెప్పేద్దామా?" అన్నాను బాలమణి చెవిలో.

"ఇప్పుడు జెప్తె కొడ్తరక్కా. తెల్లారనీ," అంది పులిహోర నములుతూ. పులిహోర బావుందని కూడా అంది.

తెల్లారి బెంగళూరు దాటాక ఇక మింగుడుపడక పెద్దాయనకు మొత్తం చెప్పాను. డెబ్బై దాటిన మనిషిని రాత్రంతా పై బెర్తు మీద పడుకోబెట్టాం మరి. తిడతాడనే అనుకున్నాను. ఆయన మాత్రం "ఒకసారి చూపించమ్మా" అన్నాడు. గుడ్డ విప్పాం. ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు.

"సచ్చినోళ్లకిచ్చినా అనుకొంటి నా జాగా," అన్నాడు. "బతికుండేవాటికిచ్చినానన్నమాట. మంచిదే అయ్యింది."

శ్రీరంగపట్నం దగ్గర రైలు కావేరి దాటుతుంటే అలవాటుకొద్దీ కుండకు దణ్ణం పెట్టబోయి, మధ్యలో ఆపి, పడీపడీ నవ్వాడు. ఇంటి ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చి, చేరాక ఏ సంగతీ చెప్పమన్నాడు.

కుశాలనగర

మైసూరు నుంచి బస్సులో బయల్దేరి కుశాలనగరలో ఆగిపోయాం. పైన మడికేరి దారిలో చెట్టు పడిందట, పొద్దున్నే గాని వదలరట. సన్నగా తుంపర పడుతోంది. మా ఊళ్లో ఈ మాత్రం జల్లు పడితే వీధిలో ఉన్నవాళ్లంతా ఆగి ఆకాశం వంక చూస్తారు. ఇక్కడ తలెత్తినవాళ్లు లేరు. కిరాణాకొట్టుకు పోయేవాడి చేతిలో సంచి ఉన్నా లేకపోయినా గొడుగు ఉంటుంది.

బస్టాండు వెనక లాడ్జికి వెళ్లాం. కౌంటరు మీది మనిషి మమ్మల్ని కాదు, కుండనే చూశాడు. తల అడ్డంగా ఊపాడు. అస్థికలు గడప దాటి లోపలికి తేకూడదు. మన వైపూ అంతే కదా, ఇంట్లోకి తేరు, బయట చెట్టుకు కడతారు. నా హిందీ ఇలాంటి చోట పనికిరాదు గనుక బాలమణి ముందుకు వచ్చింది. ఆమెది పట్నం ఉర్దూ.

"భయ్యా, ముర్దా నహీ హై. కీడే హై, కీడే. జిందా హై," అంది.

ఆ మాటతో ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. బూడిద కుండ కంటే పురుగుల కుండ ఆయనకు ఎక్కువ భయం కలిగించింది. బాలమణి ఎంత వివరించినా పని చెడింది గాని బాగుపడలేదు. ఆఖరికి ఒప్పందం ఏమిటంటే, ఎనిమిది వందలకు రూము మాకు, వెనక దొడ్లో పనసచెట్టు కొమ్మ కుండకు. బాలమణి ఉడికిపోయింది. "గింత దూరం ఒళ్లో వెట్టుకొని వస్తి, గిప్పుడు కొమ్మకు కట్టాల్నా" అంటూనే, తాడు మూడుసార్లు లాగి చూసి కట్టింది.

భోజనానికి పక్క హోటల్లో కూర్చున్నాం. కడంబుట్టు తెచ్చారు, నూకతో చేసి ఆవిరి మీద ఉడికించిన తెల్లటి ఉండలు. బాలమణి ప్లేటును తిప్పి చూసింది. "గివి గూడ ముడుసుకున్నయా ఏంది?" అంది. వెదురు మొలకల కూరతో తిన్నాం. ఆ కూర ఈ వానల్లోనే దొరుకుతుందట. కొంచెం పులుపు, కొంచెం వగరు, నోట్లో కరకరలాడుతూ బావుంది. బాలమణి సంచిలోంచి ఎల్లిపాయ కారం తీసి దాని మీద చల్లుకున్నాక గాని ఆమెకు నచ్చలేదు. ఇద్దరికీ కలిపి రెండు వందల నలభై.

పొద్దున లేవగానే దొడ్లోకి పోయాం. తుంపర ఆగకుండా పడినట్టుంది, తెల్లగుడ్డ తడిసి కుండకు అతుక్కుపోయింది. నీళ్లు లోపలికి పోయి మునిగిపోయాయేమోనని గబగబా దారం విప్పి చూస్తే, నేను ఇరవై రోజుల నుంచి చూడాలనుకుంటున్నది కనపడింది. ఒకటి గోడ ఎక్కుతోంది. రెండు ఆకు అంచు కొరుకుతున్నాయి. మిగతావి తడి ఆకు మీద తాపీగా తిరుగుతున్నాయి. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. లాడ్జి వాడి మీద కోపం పోయింది. ఫ్యాను కింద పెట్టుకుని ఉంటే ఎండగట్టేవాళ్లమే.

"వీటిల్లో మగది వెనక కాళ్లతో రుద్ది సన్నటి చప్పుడు చేస్తుందట బాలమణీ. తనను చూసి ఆడది భయపడి ముడుచుకోకుండా, నేనే అని చెప్పడానికట," అన్నాను సంతోషం పట్టలేక.

"మస్తు తెలివి. మా ఇంటాయన ఇరవై ఏండ్లల్ల ఒక్కపారి గట్ల పాడిన పాపాన పోలే," అంది.

అంటూనే లెక్క పెట్టి ఆగిపోయింది. పది కదులుతున్నాయి. పదకొండోది ఒక మూల ముడుచుకునే ఉంది. వేలితో తాకింది, నీళ్లు చల్లింది, చేతుల్లో పెట్టుకుని నోటి ఆవిరి ఊదింది. కదల్లేదు. "దీనికే నేను రోజు ఎక్కువ నీళ్లు జల్లిన అక్కా, ఏదో సుస్తీగ ఉన్నట్టుండె," అంటుంటే బాలమణి కళ్లు నిండాయి. నేను తీసుకుని గోటితో అతుకు కోసం వెతికాను. అతుకు లేదు. చెవి దగ్గర ఊపాను. లోపల గింజ గలగలలాడింది.

కుంకుడుకాయ. పన్నెండు రోజులు మా నీళ్లగదిలో, ఒక రాత్రి కింది బెర్తు మీద, ఇంకో రాత్రి పనసకొమ్మ మీద మేం ప్రాణంలా చూసుకున్నది కుంకుడుకాయను. నర్సమ్మ చేతికి బరువు తగిలింది, బతికిందనుకుంది. బాలమణి ఏడుపు ఆపకుండానే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు లాడ్జి ఆయన కిటికీ తెరిచి చూసి మళ్లీ మూసేసుకున్నాడు.

కాఫీ తోట

దారి తెరిచాక బస్సు కదిలింది. మడికేరి దాటి జీపులో ఆరు మైళ్లు. బస్తాలు పంపిన తోట అదే, చోటు తప్పకూడదని లారీవాడిని పట్టుకుని ముందే ఆనవాలు కనుక్కున్నాం. గేటు దగ్గర రైటరు రాజన్న కలిశాడు. తోటలో కూలీల పని రాసుకుని, పనులన్నీ చూసుకునే మనిషిని అక్కడ రైటరు అంటారు. రాజన్న తల్లిది కోలారు, అందుకని తెలుగు వచ్చు, కన్నడ రాగంలో మాట్లాడతాడు.

నాలుగడుగులు వేశానో లేదో కాలికి జలగ పట్టింది. నేను గెంతుతుంటే జయమ్మ అనే కూలిమనిషి వచ్చి, నడుముకు కట్టుకున్న ఉప్పుమూట అద్దింది. జలగ రాలిపోయింది. యాభై ఏళ్లుంటాయి ఆమెకు. మా కుండలోకి చూసి, తెలిసినవాళ్లను చూసినట్టు ముఖం చాటంత చేసుకుంది. కన్నడ తప్ప ఇంకో మాట రాదు.

రాజన్న మమ్మల్ని ఆకు తీసిన చోటికి తీసుకెళ్లాడు. నేల బోడిగా ఉంది. వేళ్లు బయటపడి, వానకు ఎర్రమట్టి కాలవ కట్టి పోతోంది. దారికి ఇవతల ఆకు తియ్యకుండా వదిలిన పక్క అడుగు వేస్తే మడమ దిగిపోయింది, పరుపు మీద నడిచినట్టుంది.

"ముందు ఈ ఆకు ఎవరూ కొనేవాళ్లు కాదు," అన్నాడు రాజన్న. "పట్నాల్లో మేడల మీద తోటలొచ్చినాక అడుగుతున్నారు. ఆకు పోయిన పక్క ఈ పురుగులు లేవు. జయమ్మ చెప్తానే ఉంటుంది, ఇవి తిని వేసిందే మట్టి, ఇవి లేకపోతే ఎరువు కొనాల అని."

బాలమణి ఆ బోడి నేలను చూస్తూ ఉండిపోయింది. సాగర్ రోడ్డు మీద ఆమె బేరమంతా ఈ ఆకే. "ఇగ నాకీ ఆకు పంపకుండ్రి అన్నా," అంది.

"మీరు కాదంటే ఇంకొకరు కొంటారు."

"ఇంకొగల్ల సంగతి నాకెరికలేదు. నా బస్తాలల్ల ఇవి రావొద్దు. ఇంకేమన్న ఉంటె జెప్పు."

కాఫీగింజల పొట్టు కుప్పలుగా పడి ఉందన్నాడు. దాన్ని కుళ్లబెట్టి పంపితే చూస్తానంది. ధర దగ్గర ఇద్దరూ అరగంట వాదించుకున్నారు, నాకు ఆ అరగంట సంగీతంలా ఉంది.

జయమ్మ చోటు చూపించింది. పెద్ద అత్తిచెట్టు కింద, వాగుకు పైన, నల్లగా కుళ్లిన ఆకు. ఒక్కొక్కటే దించాం. దించగానే పదీ ఉండలైపోయాయి. నిలబడ్డాం. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు ఇంతలోనే మళ్లీ భయం పట్టుకుంది, ఇంత తిప్పాం కదా, ఇక విచ్చుకోవేమోనని. మొదట ఒకటి కొంచెం నోరు తెరిచినట్టు తెరిచింది. మీసాలు బయటపెట్టి తడిమింది. తర్వాత రెండోది. అలా ఒకటొకటీ విచ్చుకుని, వెనక్కి చూడకుండా ఆకు కిందికి దూరిపోయాయి. పదోది దూరాక నేను ఏడ్చాను, ఎవరేమనుకున్నా సరే అని గట్టిగా ఏడ్చాను. ఇరవై రోజులుగా గుండె మీద ఉన్న రాయి దిగింది. బాలమణి నాకు గొడుగు పట్టింది.

కళ్లు తుడుచుకుని కుండ కడుగుదామని వాగు దగ్గరికి దిగాను. ఉత్త మట్టే కదా మిగిలింది. కుండ వంచానో లేదో పైనుంచి జయమ్మ కేకేసింది.

"మరి ఇదె! మరి ఇదె!"

మరి ఇదే అంటోంది, సరైన చోటే అన్నట్టు. "అవునమ్మా, ఇదే," అన్నాను నవ్వుతూ, కుండను నీళ్లకు ఇంకాస్త వంచాను.

"మరి! మరి ఇదె!" అంటూ ఆమె జారుతూ, పడుతూ పరుగెత్తి వస్తోంది.

మరి ఏం చెయ్యమంటుందో నాకు అర్థం కాలేదు. నీళ్లు కుండ అంచును తాకాయి. వెనకాల రాజన్న గొంతు వినపడింది. "అమ్మా, ఆపండి! మరి అంటే పిల్ల మా భాషలో. ఇదె అంటే ఉంది. పిల్లలున్నాయంటోంది!"

బాలమణి వచ్చి నా చేతుల్లోంచి కుండ లాక్కుంది. జయమ్మ అడుగున మట్టిని రెండు వేళ్లతో మెల్లగా కదిపింది. మట్టిలో మట్టిలాగే కలిసిపోయి, సెనగగింజంత చిన్న చిన్న ఉండలు. ఒకటి తీసి గోటితో పైపొర విప్పింది. లోపల సగ్గుబియ్యం గింజంత తెల్లటి గుడ్డు. ఆడది ఒక్కో గుడ్డుకు ఒక్కో మట్టితొడుగు చేస్తుందని నేను చదివాను. చదివి కూడా ఆ మట్టిని పన్నెండు రోజులు కళ్లెదుట పెట్టుకుని ఉత్త మట్టే అనుకున్నాను.

జయమ్మ విప్పిన పొరను ఉమ్మితో తడిపి మళ్లీ మూసింది. అత్తిచెట్టు కింద ఆకు పక్కకు తీసి చిన్న గుంట చేసింది. ముగ్గురం కూర్చుని కుండలోని మట్టిని గుప్పెడు గుప్పెడుగా అందులోకి దించాం. ఎన్నున్నాయో చూద్దామని నేను ఉండల్ని వేలితో ఏరబోయాను. బాలమణి నా చేతి మీద ఒక్కటేసింది.

"లెక్క జాలక్కా," అంది. "తొమ్మిదికి మీదనే ఉన్నయ్."